తిత్తి లాగిన చెయ్యి

మా చిన్నమ్మాయికి పదిహేనేళ్ళు. శనివారం వచ్చిందంటే చాలు, మధ్యాహ్నం మా ఇంటి బేస్‌మెంట్‌లో ఐదుగురు పిల్లలు చేరతారు. మధ్యలో బల్ల, దాని మీద ఇరవై ముఖాల పాచికలు, పెన్సిళ్ళు, చిప్స్ పొట్లాలు. నాలుగు గంటలపాటు ఒకటే కేకలు, నవ్వులు. మీలో టీనేజ్ పిల్లలున్నవాళ్ళకి నేను దేని గురించి చెబుతున్నానో ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్. పిల్లల భాషలో డి అండ్ డి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది వీడియో గేమ్ కాదు, తెర ఉండదు. ఒకరు కథ నడుపుతారు, వాళ్ళని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తయారుచేసుకుని ఆ కథలోకి దిగుతారు. గుహలోకి వెళ్ళాలా వద్దా, రాక్షసుడితో పోట్లాడాలా మాట్లాడాలా అన్నది వాళ్ళ ఇష్టం. అది ఫలించిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ఈ ఆట 1974లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో అచ్చయింది. మేముండే మిల్వాకీ నుంచి అది గంట దూరం. పదేళ్ళుగా ఆ సరస్సు ఒడ్డుకి పిక్నిక్‌కి వెళ్ళి పులిహోర తిని వస్తున్నాం. మా బేస్‌మెంట్‌లో జరిగే గోలకి మూలం అక్కడుందని మొన్నటిదాకా నాకు తెలియదు.

పోయిన నెల ఒక సాయంత్రం నేను చపాతీలు చేస్తుంటే మా చిన్నది నోట్‌బుక్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, నేనొక సబ్‌క్లాస్ తయారుచేస్తున్నాను. డ్వార్ఫ్ మాంక్. ఫోర్జ్ థీమ్."

నాకు చివరి మాట ఒక్కటే అర్థమైంది. ఫోర్జ్ అంటే కొలిమి.

మిగతాది అదే ఓపిగ్గా చెప్పింది. ఈ ఆటలో ప్రతి పాత్రకీ ఒక జాతి, ఒక వృత్తి ఉంటాయి. డ్వార్ఫులంటే కొండల కింద గనుల్లో బతికే పొట్టివాళ్ళు, గట్టిపిండాలు, లోహం పనిలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. వాళ్ళ దేవుడు మొరాడిన్ కూడా కమ్మరే. మొదటి డ్వార్ఫుల్ని ఆయన తన కొలిమిలోనే చేశాడని ఆటలో చెబుతారు. మాంక్ అంటే సన్యాసి, కానీ కుంగ్‌ఫూ సినిమాల్లో సన్యాసి. కవచం వేసుకోడు, ఒట్టి చేతులతోనే పోరాడతాడు. అతని బలమంతా "కీ" అనే శక్తిలో ఉంటుంది. చైనావాళ్ళు "చీ" అనేదాన్నే జపాన్‌వాళ్ళు "కీ" అంటారు. దాని అసలు అర్థాల్లో ఊపిరి ఒకటి. పాత్ర మూడో లెవెల్‌కి వచ్చేసరికి ఆ వృత్తిలోనే ఒక దారి ఎంచుకోవాలి. ఆ దారే సబ్‌క్లాస్. పుస్తకంలో ఉన్నవి నచ్చకపోతే ఇంట్లో మనమే ఒకటి రాసుకోవచ్చు. దాన్ని హోంబ్రూ అంటారట. కొన్న ఆవకాయ నచ్చక ఇంట్లో పెట్టుకున్నట్టన్నమాట.

దీని ఆలోచనకి స్నేహితులు నవ్వారట. కొలిమి కావాలంటే పూజారి వృత్తిలో ఫోర్జ్ డొమైన్ అని 2017 నాటి పుస్తకంలో ముందే ఉంది కదా అన్నారు. పైగా మాంక్‌కి చురుకుదనం, వివేకం ముఖ్యం. వీళ్ళు ఆడే 2014 నాటి పుస్తకంలో డ్వార్ఫ్‌కి పుట్టుకతో వచ్చేది ఒంటి గట్టిదనం. నడక కూడా నెమ్మది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకోటి. మాంక్ కవచం తొడిగితే అతని విద్యల్లో ముఖ్యమైనవి పనిచెయ్యవు. లోకానికంతా కవచాలు చేసిపెట్టే కమ్మరి, తను మాత్రం ఒంటి మీద ఇనుము వేసుకోడన్నమాట.

"వియర్డ్ కదమ్మా?" అంది.

నాకు వింతగా అనిపించలేదు. మా నాన్న గోచీ, నెత్తిన తలపాగా, మోకాళ్ళ దాకా బూడిద. అంతే ఉండేది ఆయన ఒంటి మీద.

ఆ మాట పైకి అనలేదు. అది తన మానాన చెప్పుకుపోతోంది. కొలిమి ఎలా పనిచేస్తుందో యూట్యూబ్‌లో చూసిందట. ఇనుము ఎర్రగా కాలాక కొట్టాలట, చల్లారితే మళ్ళీ కాల్చాలట. కమ్మరి వీధిలో సూదులమ్మడం అంటే ఇదేనని లోపల నవ్వుకుంటూ వింటున్నాను. అప్పుడడిగింది. "తాతయ్యది ఐరన్ బిజినెస్ కదా. ఆయన ఎప్పుడైనా రియల్ ఫోర్జ్ చూశారా?"

చపాతీ మాడిపోయింది.

ఐరన్ బిజినెస్ అన్న మాట నాదే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఉగాది భోజనాల దగ్గర ఒకావిడ అడిగారు. "మీ నాన్నగారు ఏం చేసేవారండీ?" ఆ ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని మనందరికీ తెలుసు. "ఐరన్ బిజినెస్ అండీ" అనేశాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఒకసారి అన్నాక అదే అలవాటైపోయింది. మా వారి స్నేహితులకి అదే, పిల్లల స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టుకీ అదే. పిల్లలు దాన్నే నమ్మారు. వాళ్ళ బుర్రలో తాతయ్య అంటే తెల్లచొక్కా వేసుకుని షాపులో కూర్చున్న మనిషి.

స్టవ్ కట్టేసి దాన్ని కూర్చోబెట్టాను. "తాతయ్య ఇనుము అమ్మలేదమ్మా. ఇనుము కొట్టారు. మాది పల్నాడులో ఒక పల్లె. మేం కమ్మరివాళ్ళం. మన ఇంటి ముందు చింతచెట్టు కింద కొలిమి ఉండేది" అన్నాను.

అది కాసేపు నన్నే చూసింది. "యూ హ్యాడ్ ఎ ఫోర్జ్? ఇంట్లో? ఇన్నాళ్ళూ చెప్పలేదా?" కోపంగానే అడిగింది. నేను చెప్పిన అబద్ధానికి కాదు. అంత గొప్ప వస్తువు నా దగ్గర పెట్టుకుని తనకి ఇవ్వనందుకు.

ఆదివారం పొద్దున్న అమ్మకి వీడియో కాల్ చేశాం. అమ్మకి ఎనభై దాటాయి. చెవులు సరిగా వినపడవు. ఏళ్ళ తరబడి సమ్మెట మోత పక్కన ఉన్న చెవులు మరి. మనవరాలు తను గీసిన డ్వార్ఫ్ బొమ్మని ఫోన్ ముందు పెట్టింది. బారెడు గడ్డం, చేతిలో సుత్తి, పిడికిట్లోంచి మంటలు.

"ఏందే తల్లీ, ఈ పొట్టోడు?"

"బ్లాక్‌స్మిత్ అమ్మమ్మా. కమ్మరి."

అమ్మ బొమ్మని చాలాసేపు చూసింది. "సుత్తి ఉంది, బానే ఉంది. మరి తిత్తి ఎవరు లాగుతున్నారు?"

తిత్తి అంటే మా చిన్నదానికి తెలియదు. కొలిమిలో బొగ్గు మండాలంటే గాలి కావాలి. ఆ గాలి ఊదే తోలుసంచే తిత్తి. తాడు లాగితే నిండుతుంది, వదిలితే ఊదుతుంది. మా ఇంట్లో తిత్తి తాడు అమ్మ చేతిలో ఉండేది. పొద్దున్న వంట ముగించి వచ్చి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లాగేది. ఒక చంకన నేను, ఇంకో చేతిలో తాడు. పెద్ద పని పడితే లేచి సమ్మెట కూడా అందుకునేది. నాన్న చిన్నసుత్తితో ఎక్కడ కొట్టాలో తట్టి చూపిస్తే, అమ్మ అక్కడ సమ్మెట వేసేది. ఊరంతా మా నాన్నని కమ్మరి అంది. అమ్మని కమ్మరి పెళ్ళాం అంది. కోతలయ్యాక కల్లం దగ్గర మాకిచ్చే మేర గింజలు కూడా నాన్న పేరునే కొలిచేవారు.

"గాలి ఎక్కువైతే ఇనుము కాలిపోద్ది. తక్కువైతే సాగదు" అంది అమ్మ. "మీ తాత కళ్ళు ఇనుం మీదే ఉంటాయి. నిప్పు సంగతి నాది. రంగు చూసి లాగాలి."

"ఏ రంగులు అమ్మమ్మా?"

అమ్మ వేళ్ళు మడిచి చెప్పింది. మొదట పండుమిరప రంగు. తర్వాత మోదుగపువ్వు. ఆ తర్వాత తంగేడుపువ్వు, అప్పుడు కొడితే మైనంలా సాగుతుంది. ఇంకా ఊదితే మల్లెపువ్వు. అతుకు వెయ్యాలంటే ఆ రంగు దాకా పోవాలి. అది దాటితే మతాబులా రవ్వలు చిమ్ముతుంది. ఇక ఆ ఇనుము పనికిరాదు. నేను ఇంజనీరింగులో చదువుకున్న ఉష్ణోగ్రతల పట్టిక అదే. ఎరుపు అంటే సుమారు 700 డిగ్రీలు, తెలుపు అంటే 1,300 చిల్లర. పరీక్షలో ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. అది మా అమ్మకి తెలిసిన సంగతేనని ఒక్కసారి కూడా తట్టలేదు.

మా చిన్నది అప్పుడే ఒక కథ చెప్పింది. ఈ ఆటలో డ్వార్ఫులు ఐరోపా ఉత్తరదేశాల పాతకథల నుంచి వచ్చినవాళ్ళు. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లుసన్ రాసిన ఎడ్డాలో ఇద్దరు డ్వార్ఫు అన్నదమ్ములున్నారు. ఒకడు ఇనుముని కొలిమిలో పెట్టి, పని అయ్యేదాకా తిత్తి ఆపొద్దని రెండోవాడు బ్రొక్‌కి చెప్పి వెళతాడు. ఈగ ఒకటి వచ్చి బ్రొక్ కనురెప్ప మీద కుడుతుంది. నెత్తురు కళ్ళలోకి కారితే తుడుచుకోవడానికి ఒక్క క్షణం చెయ్యి తీస్తాడు. అంతే, తయారైన సుత్తికి పిడి పొట్టిదైపోతుంది. అదే థోర్ చేతిలో సుత్తి. సినిమాలో చూసి పిల్లలు చప్పట్లు కొట్టే ఆ సుత్తే.

అమ్మకి అరిచి అరిచి అనువాదం చేశాను. అమ్మ పకపకా నవ్వింది. "ఈగ ఒక లెక్కా? నాకు నిప్పురవ్వలు పడేవి. చూడు" అని ముంజేయి ఫోన్‌కి ఆనించింది. చిన్నచిన్న తెల్లటి మచ్చలు. నేను చిన్నప్పుడు వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టుకున్నవే.

ఆ రాత్రి మా చిన్నది నోట్‌బుక్‌లో రాసిందంతా కొట్టేసింది. నిజానికి మొదటి చిత్తుని డంజన్ మాస్టర్ కుర్రాడు అప్పటికే వెనక్కి పంపాడు. ప్రతి గుద్దుకీ నిప్పు, దానికి ఖర్చేమీ లేదు, ఇలా అయితే మిగతావాళ్ళు ఎందుకు ఆడాలి అని. న్యాయమైన మాటే. కొత్తదాంట్లో ఖర్చు ఎక్కడ పెట్టాలో దానికి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది.

ఇప్పుడు దాని మాంక్ కీ ఖర్చుపెట్టి వరసగా గుద్దులు గుద్దిన ప్రతిసారీ వేడి ఒక మెట్టు ఎక్కుతుంది. మెట్లకి పేర్లు మిరప, మోదుగ, తంగేడు, మల్లె. మెట్టు ఎక్కినకొద్దీ గుద్దుకి నిప్పు బలం పెరుగుతుంది. మల్లె దాటినా ఆపకపోతే ఆ మంట తనకే తగులుతుంది. ఎంత ఊదాలో ఎక్కడ ఆపాలో ఆడేవాళ్ళే చూసుకోవాలి. ఆరో లెవెల్‌కి మాంక్ పిడికిలి ఎలాగూ మాయాయుధంతో సమానం, కాబట్టి అక్కడ పట్టకారు పెట్టింది. శత్రువు ఆయుధాన్ని ఒట్టి చేత్తో పట్టి ఆపే విద్య. పదకొండో లెవెల్‌కి నేనొకటి ఇచ్చాను. మా ఊళ్ళో బండిచక్రానికి ఇనప పట్టా వేసే రోజు పిల్లలందరికీ పండగ. పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక చక్రానికి తొడిగి, బిందెలతో నీళ్ళు గుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది, పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగించేస్తుంది. దీని మాంక్ కూడా ఒంట్లో వేడంతా ఒక్కసారిగా వదిలేస్తే, ఆ ఒక్క రౌండు ఎవరూ కదిలించలేనంత బిగుస్తుంది.

చివరిదైన పదిహేడో లెవెల్‌కి మొదటి చిత్తులో ఏముందో అడిగాను. "తిత్తి లాంటిదే అమ్మా. పక్కవాళ్ళకి తన కీ ఇచ్చి, వాళ్ళ ఆయుధాన్ని వేడెక్కించడం. కానీ అది ఇప్పుడు మూడో లెవెల్‌కి మార్చాను. అమ్మమ్మ మొదటిరోజు నుంచీ అదే కదా చేసింది" అంది.

నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఈ ఆట పాత పుస్తకాల గురించి చదువుతుంటే ఒక పట్టిక నా కంట పడింది. మాంక్ వృత్తి ఆటలోకి వచ్చింది 1975లో. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఏ జాతిలో పుట్టినవాళ్ళు ఏ వృత్తి చెయ్యొచ్చో గళ్ళు గీసి ఇచ్చారు. మాంక్ మనుషులకే. డ్వార్ఫ్‌కి ఆ తలుపు మూసే ఉంది. 2000లో మూడో ఎడిషన్ వచ్చాక ఆ పట్టిక ఎత్తేశారు, ఎవరైనా ఏదైనా కావచ్చన్నారు. 2024 పుస్తకంలో ఇంకో అడుగు వేశారు. పుట్టుక వల్ల వచ్చే బలాల అంకెలు తీసేసి, పెరిగిన తీరుని బట్టి, నేర్చిన పనిని బట్టి ఇస్తున్నారు.

గళ్ళు గీసిన ఆ పట్టిక నాకు కొత్తగా అనిపించలేదు. మా ఊళ్ళో అది ఎవరూ అచ్చు వెయ్యలేదు, అంతే తేడా. నాన్న నన్ను ఆ గళ్ళలోంచి బయటికి తొయ్యడానికే చదివించారు. "నీకీ పొగ వద్దమ్మా" అనేవారు. నేను బయటపడ్డాను. పడేటప్పుడు పట్టికతో పాటు కొలిమినీ, అమ్మ చేతినీ కూడా అక్కడే వదిలేసి వచ్చాను. నా కూతురికి ఆ పట్టిక బరువు తెలియదు. కాబట్టే కొలిమి దగ్గరికి తన ఇష్టంతో నడుచుకుంటూ వెళ్ళగలిగింది. దానికది పొగ కాదు, కథ. అది హాయిగా ఉంది, కొంచెం భయంగానూ ఉంది. అమ్మ ముంజేతి మచ్చలు కూడా దానికి కథగానే మిగులుతాయేమోనని. అందుకే మేర గింజల గురించి, కల్లం దగ్గర నాన్న చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డం గురించి కూడా చెప్పాను. అది నోట్‌బుక్ మూసి విన్నది.

మొన్న శనివారం కొత్త మాంక్ మొదటిసారి ఆటలోకి దిగింది. గడ్డం పోయింది. ఇప్పుడది రెండు వందల ఏళ్ళ ముసలమ్మ, ముంజేతుల నిండా తెల్లమచ్చలు. పకోడీలు ఇచ్చే నెపంతో మెట్ల మీద నిలబడి విన్నాను. ఏదో రాక్షసుడు, అందరి పనీ అయిపోయేలా ఉంది. మా చిన్నది తను గుద్దకుండా, కత్తి పట్టుకున్న పిల్లాడి పక్కన నిలబడి తన కీ అంతా అతనికి ఊదింది. మల్లె దాకా. పాచిక పంతొమ్మిది పడింది. బేస్‌మెంట్ దద్దరిల్లింది. ఆ పిల్లాడు ఎగిరి గంతేసి, తర్వాత దీనివైపు తిరిగి "అది నువ్వు చేసిందే" అన్నాడు. మా ఊళ్ళో ఎవరైనా ఒక కర్రు సాగగొట్టించుకుని వెళుతూ ఆ మాట మా అమ్మతో అని ఉంటే ఎంత బాగుండేది!

ఈ ఆదివారం ఇక్కడ ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. కొత్తగా వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుని మాటల్లో ఆ పాత ప్రశ్నే అడిగారు. నాన్నగారు ఏం చేసేవారని. "కమ్మరిపని చేసేవారండీ. అమ్మా నాన్నా ఇద్దరూ" అన్నాను. గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. ఆవిడ "అవునా అండీ" అని పెరుగు గిన్నె నావైపు జరిపి, "కాస్త వేసుకోండి, పుల్లగా లేదు" అన్నారు. పాతికేళ్ళు నేను మోసిన మాట ఆవిడకి అర నిమిషం కూడా పట్టలేదు. అందరూ అలాగే ఉంటారని చెప్పను. మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా చెప్పేశాక పెరుగన్నం రుచిగానే ఉంది.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం తర్వాత అడిగేది ఒకటే. "మన పొట్టిది ఏం చేసిందే ఈ వారం?" వాళ్ళిద్దరి మధ్యా అనువాదం అవసరం తగ్గుతోంది. మా చిన్నదానికి ఇప్పుడు పట్టకారు, సమ్మెట, దాగలి, తిత్తి అన్న మాటలు వచ్చు. తెలుగు బడిలో మూడేళ్ళు చదివినా రాని మాటలు. వచ్చే డిసెంబర్లో ఊరికి వెళుతున్నాం. కొలిమి ఉన్నచోట ఇప్పుడు నేల మాత్రమే ఉంది. దాగలి మాత్రం అమ్మ మంచం కింద ఉందట. ఎంత బరువుంటుందో ఎత్తి చూస్తానంటోంది ఇది. ఎత్తలేదు. నేనూ ఎత్తలేను. ముగ్గురం కలిసి చూస్తాం.